నూనెచుక్క అక్క

పొద్దు వాలగానే తాళాలాయన దుకాణం షట్టరు సగానికి దించేవాడు. బయటివాళ్ళకి మూసినట్టూ, తెలిసినవాళ్ళకి తెరిచినట్టూ ఉండేది ఆ సగం. తాళంచెవులు కోసే మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఇనపరజను అంటిన చేతులు గుడ్డకి తుడుచుకుని, నెత్తి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించి ఫోను తీసేవాడు. అక్కణ్ణించి భోజనాల వేళ దాకా ఆయన తాళాలాయన కాదు. పచ్చటి అంగీ తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని, యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళ వెంట పరుగులు తీసే వైద్యురాలు. ఆ ఆటలో ఆవిడ పేరు నూనెచుక్క. ఖాతా తెరిచేటప్పుడు పేరు ఏం పెట్టాలో తోచక, ఎదురుగా కనపడ్డ నూనెడబ్బా చూసి కొట్టేసిన పేరది.

ఈ వయసులో ఈయనకి ఈ యుద్ధాలేమిటని ఎవరైనా అనుకోవచ్చు. యుద్ధం మీద ఆయనకి మోజేమీ లేదు. ఆ జట్టుకి నాయకురాలు పిడుగు అనే అమ్మాయి. ఆ పిడుగు ఆయన కన్నకూతురు. నూనెచుక్క తన తండ్రేనని మాత్రం పిడుగుకి తెలియదు.

తెలిస్తే మాట్లాడేది కాదు. రెండేళ్ళ కిందట ఉద్యోగం రాగానే ఆ అమ్మాయి ఊరి అవతలి కొసన ఫ్లాటు తీసుకుంది. సామాను దింపడానికి సంబరంగా వెళ్ళిన తాళాలాయన మూడో అంతస్తులో తలుపు ముందు కొయ్యబారిపోయాడు. తలుపుకి తాళంచెవి దూరే కన్నమే లేదు. దాని చోట నల్లటి పలక ఒకటి నిగనిగలాడుతోంది. అంకెలు నొక్కితే తెరుచుకుంటుందట, లేకపోతే వేలు పెట్టినా తెరుచుకుంటుందట.

"నా తాళాల మీద తిని పెరిగి, కంపెనీ తాళం కొనుక్కొచ్చావా?" అన్నాడు.

"తాళంచెవి పోతుందన్న బెంగ ఉండదు కదా నాన్నా."

"పోతే చేసిచ్చేవాణ్ణి నేను చచ్చానా?"

మాటకి మాట పెరిగింది. ఆ పలక ఆ తలుపుకి ఉన్నంతకాలం నీ గడప తొక్కనని ఈయన ఒంటికాలి మీద లేచాడు. తొక్కకపోతే మానెయ్యమని ఆ అమ్మాయీ అంది. ఆమె మాత్రం ఎవరి కూతురు? ఆ రోజు నించీ ఇద్దరి మధ్యా టపా మోసే పని భార్య నెత్తిన పడింది.

అలా మోసిన టపాలోనే ఒకసారి ఆట సంగతి వచ్చింది. అమ్మాయి సాయంత్రాలు పిడుగు అనే పేరుతో ఏదో ఆడుతోందట, దాని జట్టులో వైద్యం చేసేవాళ్ళు లేక అందరూ ఊరికే చచ్చిపోతున్నారట. విననట్టు విని, మర్నాడే ఫోన్ల కొట్టుకి వెళ్ళి ఆ ఆట వేయించుకొచ్చాడు తాళాలాయన. మొదట్లో శత్రువులకి కూడా వైద్యం చేసి తిట్లు తిన్నాడు. పోనుపోను చెయ్యి తిరిగింది. పిడుగు దెబ్బ తినడం పాపం, నూనెచుక్క ప్రత్యక్షం. "మా అక్క ఉంటే నాకు చావు లేదు" అని పిడుగు జట్టంతటికీ చెప్పుకునేది.

ఆట మధ్యలో కబుర్లు కూడా టైపు చేసుకునేవాళ్ళు. జ్వరం వచ్చిందనీ, ఆఫీసులో పైవాడు సతాయిస్తున్నాడనీ ఆ అమ్మాయి అక్కకే చెప్పుకునేది. ఒకసారి, "అక్కా, మా నాన్నంత మొండిమనిషిని నువ్వు జన్మలో చూసి ఉండవు" అంది. ఈయన చాలాసేపు ఆలోచించి, "నిజమే చెల్లీ, కొందరంతే" అని జవాబిచ్చాడు. ఇచ్చాక కళ్ళు చెమరిస్తే చేతిలో ఉన్న గుడ్డతో తుడుచుకున్నాడు. గుడ్డ నిండా ఇనపరజను. మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సొచ్చింది.

ఇలా సాగుతుండగా ఒక సాయంత్రం షట్టరు దించి వెనక్కి తిరిగేసరికి స్టూలు మీద వైద్యురాలు కూర్చుని ఉంది. పచ్చటి అంగీ నేల మీద జీరాడుతోంది. కర్ర మిషనుకి ఆనించి ఉంది.

"ఎవరికి గాయమైంది?" అంది.

"ఓరి నాయనో, నువ్వు బయటికొచ్చేశావేంటి?" అని తాళాలాయన ఫోను తీసి చూశాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పన్నది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పన్నది. వైద్యురాలు బయట ఉందంటే లోపల ఇంకెవడో ఉన్నట్టే. దొంగ దగ్గర పేరుంది, ఖాతా ఉంది, మనిషి మాత్రం ఈ స్టూలు మీద ఉంది.

పక్క కొట్టు సెలూనాయన చేతిలో దువ్వెనతోనే షట్టరు కింద నించి దూరి వచ్చాడు. వైద్యురాల్ని చూసి తల పంకించాడు.

"వచ్చేసిందా? నయమే అన్నా, నీది మనిషి. నిరుడు మా బావమరిది ఖాతా పోతే డ్రాగన్ వచ్చి కూర్చుంది. ముందుగదిలో కర్టెన్లన్నీ మసి."

"నా పాస్‌వర్డ్ దొంగకెలా దొరికిందో అర్థం కావట్లేదయ్యా."

సెలూనాయన దువ్వెన వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడ తాళాలాయన వృత్తిధర్మం ఒకటి చెప్పుకోవాలి. తాళం చేసి ఒక్క చెవే ఇచ్చేవాణ్ణి ఆయన మనిషిగా లెక్కపెట్టడు. ఒకటి ఇంటాయనకి, ఒకటి నమ్మకమైన పక్కింటివాళ్ళకి. ఎవరొచ్చినా ముందు అడిగే మాట, డూప్లికేట్ ఎవరి దగ్గర పెడుతున్నారని. అదే పద్ధతిలో తన పాస్‌వర్డ్‌కి కూడా డూప్లికేట్లు పంచాడు. సెలూనాయనకి ఒకటి, టీ కొట్టువాడికి ఒకటి, జిరాక్సు ఆయనకి ఒకటి. పైగా ఇంట్లో కరెంటు బిల్లుకీ, బ్యాంకుకీ, ఆటకీ అన్నింటికీ అదే పాస్‌వర్డ్. మాస్టర్ కీ అని దానికి గర్వంగా పేరు కూడా పెట్టుకున్నాడు.

"అన్నా, తిట్టనంటే ఒక మాట," అన్నాడు సెలూనాయన.

"తిడతాను. చెప్పు."

"నీ పుట్టినరోజు వస్తోంది కదా. నూనెచుక్కకి బంగారు కర్ర ఉచితం అని నా ఫోనుకి ఎవరో పంపారు. ఖాతా పేరూ, పాస్‌వర్డూ కొడితే చాలట. డూప్లికేట్ నా దగ్గరే ఉంది కదా, నీకు తెలియకుండా తెచ్చిపెడితే మురిసిపోతావని..."

"కొట్టేశావా?"

"కొట్టేశా. కర్ర రాలేదు."

తాళాలాయన తిట్టబోయి ఆగాడు. వాడు చేసింది దొంగతనం కాదు, ప్రేమ. దాన్ని ఏమని తిడతాం? పైగా తాళంచెవి వాడి చేతిలో పెట్టింది తనే. వైద్యురాలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సెలూనాయన మెడ మీద చెయ్యి వేసి, "కదలకు. మానిపోతుంది" అంది. ఏళ్ళ తరబడి వంగి వంగి జుట్టు కత్తిరించిన మెడ టక్కున సర్దుకుంది. సెలూనాయన అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇంత జరిగాక సంతోషించవచ్చో లేదో తెలియక బిక్కమొహం వేశాడు.

దుకాణం వెనక తలుపు తీస్తే ఇల్లే. భార్య చేతిలో టీ గ్లాసులతో వచ్చింది. వైద్యురాల్ని చూసి, "కూర్చోమ్మా, కూర్చో, లేవకు" అని తన గ్లాసు ఆమెకిచ్చింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"మీ పిడుగు ఇందాక ఫోన్ చేసింది."

"నా పిడుగేంటి? పిడుగెవరు?"

"చాల్లెండి. గోడకి అవతలే వంట చేసుకుంటుంటాను. టైపు చేసే ప్రతి ముక్కా పైకి చదువుతారు మీరు. చెల్లీ, జ్వరం తగ్గిందా చెల్లీ, అని. నాకు నవ్వాగక ఎన్ని సార్లు నోట్లో కొంగు కుక్కుకున్నానో!"

సెలూనాయన కూడా నవ్వబోయి తమాయించుకున్నాడు.

"ఇంతకీ ఏమంది?" అన్నాడు తాళాలాయన, ఎర్రబడ్డ చెవులు రుద్దుకుంటూ.

"పాపం నూనెచుక్క అక్క కష్టంలో ఉందట. ఫోను పోయిందట. ఖాతాలోకి రావడానికి ఒక కోడు కావాలట, అది మన పిడుగు ఫోనుకి వచ్చేలా పెట్టుకుందట. ఈ ఆట అవగానే కోడు చెప్పేస్తానంది. అడిగిన మనిషి అక్క కాబట్టి ఆలోచించక్కర్లేదంది. మీరే ఏదో నాటకమాడుతున్నారని నేనూ ఊరుకున్నాను."

ఊళ్ళో దొంగలెంతమంది ఎన్ని రకాలుగా తలుపు తీయించుకుంటారో తాళాలాయనకి తెలియనిది కాదు. పిడుగు ఫోనుకి వచ్చే కోడు పిడుగు ఇంటి తాళంచెవి అవుతుంది గానీ నూనెచుక్కది ఎందుకవుతుంది? కాలేజీ రోజుల నించీ ఆ అమ్మాయి కూడబెట్టుకున్న ఖాతా అది. రేపు పెద్ద పోటీ, ఊరూరి జట్లతో. దాని కోసమే వారం రోజులు సెలవు పెట్టింది. ఆ ఖాతా పోతే పోటీ పోతుంది. పోయేది తన పేరు మీద, అక్క అన్న పిలుపు మీద. అది తలుచుకుంటే ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"ఫోన్ చెయ్యి. ఇవ్వొద్దని చెప్పు," అన్నాడు భార్యతో.

"మీరే చెయ్యండి. నోరు మీకూ ఉంది. చెల్లీ అనడానికి వచ్చిన నోటికి అమ్మాయీ అనడం రాదా?"

ఆయన చేశాడు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ కూతురి నంబరు నొక్కాడు. మోగలేదు. భార్య కూడా చేసి చూసింది. మోగలేదు. ఆడేటప్పుడు ఆ అమ్మాయి కాల్స్ రాకుండా పెట్టుకుంటుంది. ఆట అయ్యాక చూసుకుంటుందో లేదో, చూసుకునేలోపే కోడు చెప్పేస్తుందో.

వైద్యురాలు టీ గ్లాసు కింద పెట్టి లేచింది. "జట్టులో ఒకరు ఆపదలో ఉన్నారు. నా వెనకాలే రండి," అని షట్టరు కింద నించి వంగి వీధిలోకి వెళ్ళిపోయింది. తాళాలాయన అలవాటు కొద్దీ పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెంట పరిగెత్తాడు.

బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు వైద్యురాలికి కూడా నిండు టికెట్టే కొట్టాడు, కర్ర ఎవరికీ తగలకుండా పట్టుకోమన్నాడు. పక్క సీటు ముసలమ్మ పాదం చాపి ఆనెకాయ చూపించింది. దాంతో మొదలు. ఒకరు నడుమంటారు, ఒకరు పన్నంటారు. "కదలకు. మానిపోతుంది" అని ఆమె బస్సు పొడుగునా తిరిగింది. అవతలి కొసకి చేరేసరికి అందరూ నిటారుగా కూర్చుని ఉన్నారు. డ్రైవరు కూడా మోచెయ్యి చూపిస్తానని బస్సు ఆపబోతే తాళాలాయన దణ్ణం పెట్టాడు.

మూడో అంతస్తు. అదే తలుపు. అదే నల్ల పలక. ఆయన బెల్లు నొక్కాడు, తలుపు బాదాడు. లోపల్నించి యుద్ధం చప్పుడు సన్నగా వినపడుతోంది. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని ఉంటుంది, ఏం వింటుంది?

ఆయన పలక వైపు కొరకొరా చూశాడు. మామూలు తాళమైతే ఈపాటికి తీసి లోపల ఉండేవాడు. దీనికి కన్నం లేదు, నూనె పొయ్యడానికి సందు లేదు. ఇక అంకెలే దారి. కూతురి పుట్టినరోజు నొక్కాడు. ఎర్రదీపం. భార్య పుట్టినరోజు. ఎర్రదీపం. ఆఖరికి, కాస్త సిగ్గుపడుతూనే, తన పుట్టినరోజు నొక్కాడు.

మూడోసారీ తప్పేసరికి పలక ఒక్కసారిగా కేకలు లంకించుకుంది. అంబులెన్సు మెట్లెక్కి వచ్చినట్టు మూడంతస్తులూ అదిరిపోయాయి. ఎదురింటి తలుపు, పక్కింటి తలుపు, పై అంతస్తు తలుపు అన్నీ తెరుచుకున్నాయి.

"దొంగ!" అన్నాడు ఎదురింటాయన.

"దొంగని కాదండీ, తాళాలవాణ్ణి!"

"చూశారా, సంచితో సహా దొరికాడు!"

అప్పుడు అసలు తలుపు తెరుచుకుంది. హెడ్‌సెట్ మెళ్ళో వేలాడుతూ, చేతిలో ఫోనుతో కూతురు. ముందు ఆమెకి కనపడింది పచ్చ అంగీ.

"అక్కా!" అంది. అంటూనే మొహం పాలిపోయింది. "నువ్విక్కడ బయటుంటే... లోపల నాతో మాట్లాడుతున్నదెవరు?"

"కోడు ఇచ్చేశావా?" అన్నాడు తాళాలాయన వైద్యురాలి భుజం మీదుగా.

"టైపు చేస్తున్నా. ఇంతలో అలారం మోగింది." ఆ అమ్మాయి ఫోను వైపు చూసి, టైపు చేసిన అంకెలన్నీ గబగబా చెరిపేసింది. అప్పుడు తలెత్తింది. "అది సరే, అక్క వెనకాల నువ్వెందుకున్నావు?"

తాళాలాయన సంచి పట్టీ సర్దుకున్నాడు. ఎదురింటాయన ఇంకా వింటున్నాడు.

"నూనెచుక్క నేనేనమ్మా."

చెప్పుకున్న కబుర్లన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు కూతురి మొహంలో రంగులు మారాయి.

"నీ గురించి నీతోనే అన్ని మాటలన్నానా? మా నాన్న మొండిమనిషంటే, నిజమే చెల్లీ అన్నావు కదా!"

"నిజమే కదా మరి."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముందు ఏది పూర్తి చెయ్యాలో తెలియక గుమ్మంలోనే చతికిలబడింది. ఎదురింటాయన భార్య ఆయన్ని లోపలికి లాగి తలుపేసింది.

"లోపలికి రా నాన్నా."

ఆయన పలక వైపు చూశాడు. రెండేళ్ళ కిందట గడప తొక్కనన్న మాట గుర్తొచ్చింది. "ఇక్కడ చల్లగా ఉంది," అని మెట్టు మీద కూర్చున్నాడు. కూతురు బతిమాలలేదు. లాప్‌టాప్ తెచ్చి సరిగ్గా గడప మీద పెట్టింది. అటు ఆమె, ఇటు ఆయన, మధ్యలో పని మొదలైంది. ముందు జట్టుకంతా కబురు పెట్టి, నూనెచుక్క పేరుతో తిరుగుతున్నవాణ్ణి బయటికి గెంటించింది. కరెంటు బిల్లుకి వేరే, బ్యాంకుకి వేరే పాస్‌వర్డ్‌లు పెట్టించింది. ఆట కంపెనీకి ఫిర్యాదు రాస్తే, ఖాతా మీదేనని రుజువు చూపించమన్నారు. తండ్రినీ వైద్యురాల్నీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసి పంపింది. మొహాలు కలవలేదు గానీ ఇద్దరూ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఎవరో అప్పుడే దెబ్బ తినబోతున్నట్టు ఒకే తీరుగా నిలబడ్డారని కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు.

"కొత్త పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టు నాన్నా. ఎవరికీ తట్టకూడదు. ఇకమీదట అది కొట్టాక నీ ఫోనుకి కోడు కూడా వస్తుంది. అది దేవుడడిగినా చెప్పకు."

ఆయన వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టాడు. పెదవులు కదుపుతుంటే కూతురు చూపుడువేలెత్తి బెదిరించింది. మౌనంగా పూర్తి చేశాడు.

"మరి దీనికి డూప్లికేట్ ఎవరి దగ్గర..."

"నాన్నా!"

"రేప్పొద్దున నేను పోతే?"

"నువ్వు పోతే నూనెచుక్కా పోతుంది. నువ్వు తప్ప ఇంకెవరూ నాకు నూనెచుక్క కానక్కర్లేదు."

ఆయన కాసేపు పనిముట్ల సంచిలో ఏదో వెతికాడు. తర్వాత బాగా సన్నటి గొంతుతో, "ఇది మంచి తాళమేనే," అన్నాడు. "సరైన సమయానికి అరిచింది."

కూతురు లేచి పలక మీద ఏవో నొక్కింది. "వేలు పెట్టు."

"దేనికి?"

"నేను ఆఫీసులో ఉన్నప్పుడు నువ్వొస్తే మెట్ల మీద కూర్చుంటావా? పెట్టు."

బొటనవేలు పెట్టాడు. ఎర్రదీపం. చూపుడువేలు. ఎర్రదీపం. పది వేళ్ళూ అయ్యాయి. పలక ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. కూతురు ఆయన చెయ్యి తిప్పి దీపం కింద పెట్టి చూసింది. ఆకురాయి పట్టీ పట్టీ, ఇనుము గీకీ గీకీ, వేళ్ళ కొసలు అరిగిన నాణేల్లా నున్నగా ఉన్నాయి. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు తెరిచిన చేతికి ఒక్క గీత కూడా మిగల్లేదు. ఇన్నాళ్ళూ ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయనా చూసుకోలేదు.

"పోనీలేమ్మా. దీనికి నేను నచ్చలేదు," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ క్షణాన ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

వైద్యురాలు ఖాతా దక్కినా ఫోన్లోకి వెళ్ళకుండా గోడకి ఆనుకుని ఉంది. ఇప్పుడు ముందుకొచ్చి ఆయన బొటనవేలు తన అరచేతిలోకి తీసుకుంది.

"కదలకు. మానిపోతుంది."

వేలు గోరువెచ్చగా చిమచిమలాడింది. చెయ్యి తీసేసరికి కొస మీద గీతలు ఒకదాని చుట్టూ ఒకటి, పుట్టినప్పుడు ఉన్నవి ఉన్నట్టు లేచి ఉన్నాయి. కూతురు ఆ వేలు పట్టుకుని పలక మీద ఆనించింది. పచ్చదీపం. లోపల గడియ మెత్తగా జారింది. జన్మంతా తాళాల చప్పుళ్ళు విన్న మనిషి ఆ చప్పుడు మాత్రం ఇంతవరకూ వినలేదు. బాగుందనిపించింది.

వైద్యురాలు కర్ర భుజాన వేసుకుని ఫోన్లోకి వెళ్ళిపోయింది. కూతురు లాప్‌టాప్ తీసుకుని లోపలికి నడుస్తూ, "రా మరి," అంది.

ఆయన రాలేదు. తలుపు పిడి పట్టుకుని బయట్నించి దగ్గరికి లాగి మూసేశాడు.

"నాన్నా! తెరిచే ఉంది కదా!" అని లోపల్నించి కేక వినపడింది.

"నువ్వాగవే," అన్నాడు. సంచి కింద పెట్టి, బొటనవేలు చొక్కాకి శుభ్రంగా తుడుచుకుని పలక మీద పెట్టాడు. తలుపు తెరుచుకుంది. తాళాలాయన గడప దాటి లోపలికి వెళ్ళాడు.

కూతురు గది మధ్యలో నిలబడి ఉంది. "వచ్చావా నాన్నా," అంది, అప్పుడే చూసినట్టు.